టీచరమ్మ వినని కథ

ఈనిడ్ టీచరు రొట్టెల కొట్లోకి అడుగుపెడితే చాలు, లోపలున్న ఆడవాళ్ళకి నోళ్ళు పడిపోయేవి. అంతదాకా గలగలా మాట్లాడుకుంటున్నవాళ్ళంతా ఒక్కసారిగా వాన మీదా చలి మీదా పడేవారు. వాన గురించైతే తప్పు దొర్లదని ధైర్యం! ఆవిడ ఎవర్నీ ఏమీ అనేది కాదు పాపం. నడిబజార్లో నిలబడి పరాయివాళ్ళ మాట దిద్దేంత మర్యాద తెలియని మనిషి కాదు. కాకపోతే ఎవరైనా తప్పు మాట్లాడితే ఆవిడ కనుబొమ్మ ఒకటి కాస్త పైకి లేచేది. హెసెల్ రోడ్డు పొడుగునా ఆడపిల్లలందరూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే కాబట్టి ఆ కనుబొమ్మ సంగతి అందరికీ తెలుసు.

ఇంగ్లండులో మా హల్ రేవువాళ్ళ మాటకో తీరుంది. 'నేను' అనాల్సిన చోట 'నన్ను' అంటాం. 'నాకు' అనాల్సిన చోట 'మాకు' అంటాం. "నన్నూ మా తమ్ముణ్ణీ ఆటకెళ్ళాం" అంటాం. "ఆ కప్పు మాకిటియ్యి" అంటాం, అడిగేది ఒక్కడే అయినా సరే. తాతల నాటి నుంచీ అంతే, దానివల్ల ఎవరి వలలోనూ చేపలు తగ్గింది లేదు. ఈనిడ్ టీచరు బతుకంతా దీన్ని మాన్పించడానికే సరిపోయింది. నల్లబల్ల మీద రెండు గళ్ళు గీసేది. పని చేసేవాళ్ళు ఒక గడిలో, ఆ పని ఎవరి మీద పడుతుందో వాళ్ళు రెండో గడిలో. "ఈ గడిలోవాణ్ణి ఆ గడిలోకి తోస్తే ఊరుకుంటాడా?" అని అడిగేది. పిల్లలు "ఊరుకోడు టీచర్" అని ఏకకంఠంతో అరిచి, గంట కొట్టగానే "నన్నూ నిన్నూ పోదాం పద" అనుకుంటూ బయటికి పరిగెత్తేవాళ్ళు.

అలాగని ఆవిడేమీ దొరల ఇంట్లో పుట్టలేదు. తల్లి చేపలు కోసే షెడ్డులో పనిచేసేది. చలికాలం వస్తే ఆమె వేళ్ళు పగిలి నెత్తురు కారేవి. కూతురు పరీక్ష నెగ్గి, డబ్బున్నవాళ్ళ పిల్లలు చదివే పెద్ద బడిలో సీటు తెచ్చుకుంటే ఆ తల్లి వీధి వీధంతా చెప్పుకుంది. బడిలో మొదటిరోజే "నీతో ఎవరొచ్చారు?" అని పంతులమ్మ అడిగితే, "నన్నూ మా అమ్మనీ వచ్చాం" అంది పిల్ల. క్లాసంతా విరగబడి నవ్వింది. పంతులమ్మ నవ్వకుండా, నిలబెట్టి మళ్ళీ చెప్పించింది, మళ్ళీ నవ్వించింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక తల్లి మాట్లాడుతుంటే ఈనిడ్ మొట్టమొదటిసారి దిద్దింది. తల్లి చేపముక్క పళ్ళెంలో వేసి అవతలికి తిరిగింది.

అలాంటి మనిషి విల్ఫ్‌ని చేసుకోవడమేమిటని అప్పట్లో ఊరంతా ముక్కున వేలేసుకుంది. విల్ఫ్ రేవులో ఓడల నుంచి చేపలు దించే కూలీ. చెక్క చెప్పులు, ఎంత తోముకున్నా పోని చేపవాసన, చదువు అంతంతమాత్రం. కానీ మనిషి ఆరడుగులవాడు, నవ్వితే చూడబుద్ధేసేది. ఆవిడకి అతనంటే నిజంగా ప్రాణం. ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఆ మాట మాత్రం నిజం. పొద్దున్నే పని నుంచి అతనొచ్చే వేళకి పొయ్యి ముందు వేడినీళ్ళు పెట్టి, బడికి ఆలస్యమైనా సరే, అతను తినేదాకా ఎదురుగా కూర్చునేది.

అక్కడే వచ్చింది గొడవంతా. అతను తింటూ, రేవులో తన జంటవాడి సంగతి ఎత్తుకుని, "నన్నూ డగీగాణ్ణీ ఇవాళ..." అని మొదలుపెట్టేవాడు. "డగీ, నేను" అనేది ఆవిడ, టీ పోస్తూ, కోపంగా కూడా కాదు, మామూలుగా. అతను మొదట్లో నవ్వేవాడు. "సరే పిల్లా, డగీయున్నూ నేనున్నూ" అని దీర్ఘాలు తీసి ఆవిణ్ణి ఏడిపించేవాడు. కొన్నాళ్ళకి ఏడిపించడం మానేశాడు. తర్వాత పొడుగు మాటలు మానేశాడు. మరి కొన్నేళ్ళకి "ఊఁ", "సరే", "ఉప్పు" ఇంతే మిగిలాయి. ఉప్పులో ఏం తప్పు పడుతుంది ఎవరైనా?

ఆవిడ దాన్ని గమనించలేదంటే నమ్మండి. "మా ఆయన మితభాషి" అని తోటి టీచర్లతో కాస్త గర్వంగా కూడా చెప్పుకునేది. పిల్లలు లేరు. ఇల్లు నిశ్శబ్దంగా, శుభ్రంగా ఉండేది. సాయంత్రాలు అతను రేవు కూలీల క్లబ్బుకి వెళ్ళేవాడు, ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకునేది. ఆ క్లబ్బులో మగవాళ్ళు కూర్చునే గదిలోకి ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. ఆవిడకీ వెళ్ళాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఇద్దరూ ఉద్యోగాలు విరమించాక, ఓ ఉదయం విల్ఫ్ షూ లేసు కట్టుకుంటూ కట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యీ కాలూ చచ్చుబడ్డాయి, మాట పోయింది. మాటలు నేర్పే అమ్మాయి బ్రిడ్జెట్ అని వారం వారం ఇంటికొచ్చేది. మొదటి ఏడాదిలో వచ్చిన మాటే మాటని, తర్వాత ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పేసింది. ఆయనతో మాట్లాడుతూ ఉండాలంది. బదులు కోసం ఓపిగ్గా ఆగాలంది. ఆయన ఏమన్నా, ఎలా అన్నా, దిద్దొద్దంది. ఆ చివరి మాటకి ఈనిడ్ మనసులో నొచ్చుకుంది. ఆ మాత్రం తెలియదా తనకి? మాట పడిపోయిన మనిషిని పట్టుకుని వ్యాకరణం అడుగుతుందా ఎవరైనా?

ఇక ఆవిడకి వేరే లోకం లేకుండా పోయింది. అతని నోటి నుంచి ఒక్క మాట. తన పేరే అక్కర్లేదు, ఏదైనా ఒక్క మాట. బొమ్మల కార్డులు తయారుచేసింది. కప్పు, కుక్క, ఓడ, వాన. పొద్దున్న ఓ పూట, మధ్యాహ్నం ఓ పూట కుర్చీ ఎదురుగా వేసుక్కూర్చుని కార్డు ఎత్తి చూపేది. విల్ఫ్ కార్డు వంక చూసేవాడు, ఆవిడ వంక చూసేవాడు, కిటికీలోంచి బయటికి చూసేవాడు. పెదవి మాత్రం కదిలేది కాదు. వేసవి వెళ్ళిపోయింది. ఆకులు రాలిపోయాయి. ఆవిడ కార్డులు మార్చింది, కుర్చీ మార్చింది, కళ్ళజోడు మార్చింది. ఏం మార్చి ఏం లాభం.

డగీ అని చెప్పానే, అతను విల్ఫ్‌తో రేవులో జంటగా పనిచేసినవాడు. ఇద్దరూ ఒకే బుట్టకి చెరో పక్కా పట్టుకుని ఏళ్ళ తరబడి చేపలు మోశారు. గురువారం గురువారం వచ్చి విల్ఫ్ దగ్గర కూర్చునేవాడు. టోపీ చేత్తో పట్టుకుని "నమస్కారం టీచరమ్మా" అని లోపలికొచ్చి, ఆవిడ ఉన్నంతసేపూ కుర్చీ అంచున బిగుసుకుని ఉండేవాడు. అతని ఇబ్బంది చూడలేక ఆవిడ ఆ టైమ్‌కి బజారు పని పెట్టుకునేది.

ఓ గురువారం చేపల కొట్టు మూసేసి ఉంది. కొట్టతని తల్లి పోయిందని తలుపుకి కాగితం అంటించారు. వాన జోరందుకుంటోందని ఈనిడ్ వెంటనే వెనక్కి తిరిగొచ్చింది. వెనక వాకిలి గుండా వంటింట్లోకి వచ్చి తడిసిన కోటు విప్పుతుంటే ముందు గదిలో మాటలు వినిపించాయి. ఒకటి డగీ గొంతు. రెండోది ఎవరిదో ఆవిడకి ఓ క్షణం తెలియలేదు. బొంగురుగా, ఆగి ఆగి, ఒక్కో ముక్కా పెళ్ళగించి తీస్తున్నట్టు వస్తోంది.

"నన్నూ... నిన్నూ... మెట్లకాడ. పచ్చ... పచ్చ కోటు."

"ఆఁ, పచ్చ కోటు. తర్వాత?"

"చూసింది... మాకేసి. కోపం. అబ్బ... ఏం కోపంరా!"

ఇద్దరూ నవ్వారు. విల్ఫ్ నవ్వు ఆవిడ విని ఎన్నాళ్ళయిందో! సంచీ ఎక్కడ పడేసిందో తెలియదు, ఒక్క ఉరుకున గదిలోకి వెళ్ళి అతని మోకాళ్ళ దగ్గర కూలబడి, చచ్చుబడ్డ చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు ధారలుగా కారుతున్నాయి.

"విల్ఫ్! నువ్వు మాట్లాడావు! 'డగీ, నేను మెట్ల దగ్గర...' చెప్పు, మెట్ల దగ్గర ఏమైంది?"

అంది. అన్నాక గానీ తానేమందో ఆవిడ చెవికి చేరలేదు. దిద్దాలని కాదు, దేవుడి మీద ఒట్టు, ఆ సంతోషంలో అతను అన్న ముక్కే తిరిగి అనబోయింది. ఆ నాలుక దాన్ని సరిచేసి గానీ బయటికి వదల్లేదు. విల్ఫ్ మొహంలో నవ్వు అలాగే ఓ క్షణం ఉండి, మెల్లగా ఇంకిపోయింది. నోరు మూసుకున్నాడు. కళ్ళు నేలకి దించి, తప్పుచేసిన బడిపిల్లాడిలా కూర్చున్నాడు. డగీ టోపీ అందుకున్నాడు.

ఈనిడ్ వీధి గుమ్మం దాకా అతని వెంటపడి, వానలో నిలబెట్టి అడిగింది. ఎన్నాళ్ళ నుంచి మాట్లాడుతున్నాడని. వేసవి నుంచీ అన్నాడు డగీ. తనకెందుకు చెప్పలేదని నిలదీసింది. విల్ఫే చెప్పొద్దన్నాడని, ఇంట్లో మాట్లాడితే తప్పులొస్తాయని సిగ్గుపడుతున్నాడని, కాస్త బాగా వచ్చాక తనే మాట్లాడతానన్నాడని నసుగుతూ చెప్పాడు.

"ఆ పచ్చ కోటు ఏమిటి డగీ?" అంది ఆవిడ.

"మీ కోటేనమ్మా. మొట్టమొదట మిమ్మల్ని చూసిన రోజు కథ. క్లబ్బులో ఎన్నిసార్లు చెప్పించుకున్నామో! ఆడు చెప్తంటే బీరు తాగడం కూడా మర్చిపోయేవోళ్ళం."

"విల్ఫా? క్లబ్బులో కథలు చెప్పేవాడా?"

డగీ ఆవిణ్ణి వింతగా చూశాడు. "ఆడు తప్ప ఇంకెవరు చెప్పారమ్మా అక్కడ?"

ఆవిడ మెల్లగా, "నాకెప్పుడూ చెప్పలేదు" అంది.

"చెప్పబోయాడంట, పెళ్ళైన కొత్తల్లో." డగీ తన బూట్ల వంక చూసుకున్నాడు. "మొదటి ముక్కకాడే మీరు ఆపేశారంట."

ఆవిడకి గుర్తే లేదు. ఘోరమంటే అదీ. గుర్తుంటే కనీసం ఏడవడానికి ఓ రోజంటూ ఉండేది. అలాంటి పొద్దులు ఎన్ని గడిచాయో, వాటిలో ఏ పొద్దున తన కథ తన ముందుకొచ్చి వెనక్కి పోయిందో ఎలా తెలుస్తుంది? ఆ కథ నువ్వైనా చెప్పమని బతిమాలింది. డగీ తల అడ్డంగా ఊపాడు. ఒక మనిషి కథ ఆ మనిషి బతికుండగా ఇంకొకరు ఎత్తకూడదు, వాళ్ళ క్లబ్బులో అదో కట్టుబాటు. పోయాక, అంత్యక్రియలు ముగించుకుని అందరూ టీకి కూర్చున్నప్పుడు, అతని జంటవాడు లేచి ఆ కథ చెప్పాలి. పోయినవాడు ఎలా చెప్పేవాడో అచ్చం అలాగే, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. ఆ తర్వాత ఇంకెవరూ దాన్ని చెప్పరు. "ఆడే చెప్తాడ్లెండి మీకు, చూద్దురుగాని" అని డగీ వానలో పడి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచీ ఈనిడ్ కార్డులు పొయ్యిలో వేసి, నోరు కట్టేసుకుంది. అతని పక్కన కూర్చుని స్వెటర్ అల్లుకునేది. ఏదైనా అంటాడేమోనని చెవులు రిక్కించి, వింటున్నట్టు కనపడకుండా వినేది. అతను కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. వారాలు గడిచాక, ఇలా లాభం లేదని ఆవిడకో ఆలోచన తోచింది. పదకొండో ఏట వదిలేసిన తల్లి మాట ఎక్కడో లోపల ఉండే ఉంటుంది కదా, దాన్నే బయటికి తీద్దామనుకుంది. స్నానాలగదిలో తలుపేసుకుని నెమ్మదిగా అలవాటు చేసుకుంది. చిన్నప్పుడు సొంత మాట దాచుకోవడానికి ఎంత కష్టపడిందో, ఇప్పుడు దాన్ని పట్టుకోవడానికి అంత కష్టపడింది. పిచ్చితల్లి!

ఓ ఆదివారం టీ ఇచ్చి, తన కప్పు కోసం చెయ్యి చాచి, "ఆ కప్పు మాకిటియ్యి, అబ్బాయ్" అంది.

మాట సరిగ్గానే వచ్చింది. గొంతే కుదరలేదు. బడి వార్షికోత్సవంలో కూలివాడి వేషం కట్టిన పెద్దింటి పిల్ల అన్నట్టు ఉంది. విల్ఫ్ చటుక్కున తల తిప్పి ఆవిణ్ణి చూశాడు. ఆ చూపు ఆవిడ చచ్చేదాకా మర్చిపోలేదు. మొహమంతా ఎర్రబడింది, గడ్డం వణికింది, కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి. ఎడంచేత్తో కప్పు తోసేశాడు, టీ బల్లంతా పారింది. తనని వెక్కిరించిందనుకున్నాడు. కాదని ఆవిడ ఎంతో చెప్పింది. కానీ ఆ చెప్పడం మాత్రం నిండు వాక్యాల్లో, ఎక్కడి మాట అక్కడ, తూచినట్టు వచ్చింది. ఆవిడకి అలాగే వస్తుంది మరి, ఏం చేస్తుంది?

చివరికి డగీని రోజూ రమ్మని ఆవిడే అడిగింది. రోజూ అతను రాగానే కోటు తొడుక్కుని తన ఇంట్లోంచి తనే బయటికి నడిచేది. మొగుడికి మాట రావాలంటే తను ఇంట్లో ఉండకూడదు, అంతే లెక్క. ఆ చలిగాలిలో బస్సు షెల్టరులో కూర్చునేది. బస్సులు వచ్చేవి, డ్రైవరు ఆపేవాడు, ఆవిడ చెయ్యి ఊపి పంపేసేది. ఒక్కోసారి ఉండబట్టలేక వీధి అవతల నిలబడి కిటికీ వైపు చూసేది. అద్దం వెనక విల్ఫ్ పెదవులు కదులుతుంటే, మంచి చెయ్యి గాల్లో ఏవో ఓడలు గీస్తుంటే చూసి, ఇంకో చుట్టు తిరిగి వచ్చేది.

వసంతం రాకుండానే రెండోసారి పక్షవాతం కొట్టింది. ఆసుపత్రిలో మధ్యాహ్నం వేళ మంచం పక్కన ఆవిడ ఒక్కతే ఉంది. విల్ఫ్ కళ్ళు తెరిచి ఆవిణ్ణి గుర్తుపట్టాడు. పెదవులు విడివడ్డాయి. ఆవిడ ఊపిరి బిగబట్టి, పళ్ళతో కింది పెదవిని గట్టిగా నొక్కిపట్టింది. అతను ఆ పట్టి ఉంచిన పెదవి వంక, ఆ ఎదురుచూపు వంక కాసేపు చూశాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి ఆవిడ ఏమీ అనలేదు, అయినా అతను చెప్పలేదు.

అంత్యక్రియల తర్వాత టీ క్లబ్బులోనే పెట్టారు. ఆవిడ కోసం మగవాళ్ళ గది తలుపులు బార్లా తీసి, మధ్య బల్ల దగ్గర మంచి కుర్చీ వేశారు. హ్యామ్ శాండ్‌విచ్‌లు, కేకులు, పెద్ద కెటిల్ నిండా టీ. రేవులో పనిచేసిన ముసలాళ్ళంతా బిగుతు కోట్లలో, పెళ్ళాలతో సహా వచ్చారు. ఈనిడ్ ఏమీ తినలేదు. ఏడవలేదు కూడా. తలుపు దగ్గర కూర్చున్న డగీ వంకే చూస్తూ కూర్చుంది. ఇక తనకి మిగిలిందల్లా ఆ కథే. విల్ఫ్ కళ్ళకి తనెలా కనపడిందో, ఆ కోపం చూపు చూసి అతనికి నచ్చిందేమిటో, ఇవాళైనా వింటుంది.

డగీ లేచి నిలబడ్డాడు. గది సద్దుమణిగింది.

"నన్నూ డగీగాణ్ణీ..." అని విల్ఫ్ గొంతు ఎత్తుకున్నాడు, అచ్చం అతనే. అంతలో అతని కళ్ళు ఈనిడ్ మీద పడ్డాయి. మాట తడబడింది. "అదే... నేనూ విల్ఫూ... కాదు, విల్ఫ్, నేను..." అని ఆగిపోయాడు.

"ఆయన ఎలా చెప్పేవాడో అలాగే చెప్పు డగీ," అంది ఆవిడ. "నేనేమీ అనను."

డగీ మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే ముక్క దగ్గర నాలుక మడతపడింది. నుదుటికి చెమట పట్టింది. చుట్టూ ఉన్న ముసలాళ్ళు కప్పుల్లోకి చూసుకుంటున్నారు. ఎవరో "కానివ్వరా" అన్నారు మెల్లగా.

"రావట్లేదమ్మా," అన్నాడు డగీ, ఏడుపు గొంతుతో. "మీరు చూస్తంటే రావట్లేదు. తప్పుగా అనుకోకండి."

ఈనిడ్ లేచి, తన కుర్చీని తనే ఎత్తి తిప్పుకుని, గోడకి ఎదురుగా, అందరికీ వీపు పెట్టి కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గోడ మీద పాత ఓడల ఫోటోలున్నాయి. ఆవిడ వాటిని చూడలేదు, కళ్ళు మూసుకుని వినడానికి సిద్ధంగా ఉంది. వెనకాల ఎవరో దగ్గారు. కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడైంది. డగీ గొంతు సవరించుకోవడం వినిపించింది, ఓసారి, ఇంకోసారి, కథ మాత్రం కదల్లేదు. చాలాసేపటికి ఎవరో ఆడమనిషి, గాలి తిరిగిందనీ, రాత్రికి వాన తప్పదనీ అంది. అవునన్నారు అందరూ.